కంపెనీ చెయ్యి

సుకుమారి ఎడమ చేతి మీద ఆ కంపెనీలో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. అనుమానం వస్తే మిషిను మీద వచ్చేది, మిషిను బిగించిన నర్సన్న మీద వచ్చేది, ఒక్కోసారి పట్టీ కుట్టిన ఎంకమ్మ మీద కూడా వచ్చేది. చెయ్యి మాత్రం చెయ్యే.

పటాన్‌చెరు దాటాక బొంబాయి రోడ్డు పక్కన రేకుల కప్పుతో రెండు పెద్ద గదులూ, వెనక ఒక గోడౌనూ ఉన్న కంపెనీ అది. డాక్టర్లు బీపీ చూసే మిషిన్లు అక్కడ తయారయ్యేవి. గడియారం లాంటి గుండ్రటి ముఖం, అందులో సన్నటి ముల్లు, చేతికి చుట్టే గుడ్డ పట్టీ, గాలి కొట్టే రబ్బరు బంతి. చూడ్డానికి ఇంతే. ముఖాలూ లోపలి సామానూ బొంబాయి నుంచి వచ్చేవి, పట్టీలు ఇక్కడే కుట్టేవారు. కంది ఊళ్లో ఇంటి దగ్గర జాకెట్లు కుట్టుకునే సుకుమారి మొదట ఆ పట్టీలు కుట్టడానికే చేరింది. సూపర్‌వైజరు సత్యానందం గారిది గుంటూరు వైపు. ఆదివారం సుకుమారి వాళ్ల చర్చికే వచ్చేవారు. అక్కడ అడిగితే ఇప్పించిన పని అది.

మిషిను సరిగ్గా చూపిస్తోందా లేదా తేల్చడానికి గోడకు నిలువెత్తు పాదరసం గొట్టం ఒకటి ఉండేది. పెద్దగొట్టం అనేవాళ్లు దాన్ని. కొత్త మిషినును దానికి కలిపి గాలి కొడితే, గొట్టంలో పాదరసం ఎంత ఎక్కిందో ముల్లు కూడా అంతే చూపించాలి. ఒకరోజు కరెంటు పోయిన వేళ ఎవరో నిచ్చెన జరపబోతే, అది తగిలి పెద్దగొట్టం పగిలింది. పాదరసం గచ్చంతా పూసల్లాగా దొర్లింది. ఆడవాళ్లు కాగితం ముక్కలతో ఎత్తబోతే చీలి చీలి పారిపోయింది. కొత్త గొట్టం బొంబాయి నుంచి రావాలి. వస్తోంది, బయల్దేరింది, దార్లో ఉంది అంటూ ఉండగానే ఆర్డర్లు వచ్చిపడ్డాయి.

అప్పుడు సత్యానందం గారికి ఆలోచన వచ్చింది. పెద్దగొట్టంతో సరిచూసిన మిషిను ఒకటి మిగిలి ఉంటే, దాంతో కంపెనీలో అందరి చేతులూ చూశారు. ఒకరికి పొద్దున ఒక రకం, సాయంత్రం ఒక రకం. ఎంకమ్మకు నూట పది దాటదు. నర్సన్నకు మేనేజరు గొంతు వినిపిస్తే చాలు ముల్లు పైకి దూకుతుంది. సుకుమారికి మాత్రం ఖాళీ కడుపున చూసినా, అన్నం తిన్నాక చూసినా, బస్సు దిగి రాగానే చూసినా నూట ఇరవై మీద ఎనభై.

"డాక్టరు పుస్తకంలో రాసినట్టుందమ్మా నీ ప్రెషరు!" అన్నారాయన చెవుల్లోంచి స్టెతస్కోపు తీస్తూ. "బొంబాయి గొట్టం వచ్చేదాకా నీ చెయ్యే మనకు గొట్టం."

నర్సన్న ఫిట్టరు. ముత్తంగి మనిషి, ఏదైనా నోట్లో నాన్చి నాన్చి గానీ చెప్పడు. "సారూ, గీ మంచి మిషిను ఒకటి పక్కకు పెట్టుకుందమా? దాన్ని సూసి మిగిలినయి సూడొచ్చు" అన్నాడు.

"రోజూ వాడితే దాని స్ప్రింగు సాగుతుంది నర్సన్నా. మిషిను చెడిపోద్ది. మనిషికేమవుతుంది?"

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. ఆ మంచి మిషిను కూడా తర్వాతి లారీలో వెళ్లిపోయింది.

అప్పట్నుంచి సుకుమారికి కుట్టుమిషను దగ్గర పని తగ్గింది. కిటికీ పక్కన స్టూలు వేశారు. నర్సన్న బిగించిన మిషిను తెచ్చి ఆమె చేతికి చుట్టడం, సత్యానందం గారు విని చూడడం. నూట ఇరవై, ఎనభై దగ్గర ఆగితే మిషిను పాసు. ఆగకపోతే మళ్లీ నర్సన్న బల్ల మీదికి.

"కంపెనీ చెయ్యి వచ్చింది, జరుగుండ్రే!" అని ఎంకమ్మ పొద్దున్నే దారి ఇప్పించేది. "అక్కా, జెర పైలం. గా చెయ్యి గిట్ల ఇరిగితే మనకందరికీ సెలవే."

ఆ చెయ్యి ఇంట్లోకి కూడా వచ్చింది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సత్యానందం గారు సుకుమారి అత్త సువార్తమ్మను పక్కకు పిలిచి చెప్పారు. పచ్చళ్లూ ఉప్పూ తగ్గించాలి. బరువులు ఎత్తించకూడదు. ముఖ్యంగా మనసు కష్టపెట్టకూడదు, కోపం వస్తే ముల్లు పెరుగుద్ది. ఈస్టరు ముందు శ్రమదినాల్లో ఉపవాసం కూడా వద్దన్నారు. పాస్టరు అయ్యగారు విని నవ్వి, దేవుడు అర్థం చేసుకుంటాడులే అన్నారట.

సువార్తమ్మ ఇంటికొచ్చి దీర్ఘంగా ఆలోచించింది. "కోడలిని అననే అనొద్దంటే ఎట్లరా దావీదూ? కూర మాడితే కూడా అనొద్దా?"

"పొద్దుగాల అనకే అమ్మా. కంపెనీ నించి వచ్చినంక అను" అన్నాడు సుకుమారి భర్త. ఆయన పక్క ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేసేవాడు. భార్య చేతి పుణ్యమా అని బావి నీళ్లు తోడే పని ఆయన మెడకు పడింది.

సువార్తమ్మ అలాగే చేసింది. పొద్దున పెదవి కదపకుండా అన్నం డబ్బా కట్టి ఇచ్చేది. సాయంత్రం కోడలు చెప్పులు విప్పగానే పొద్దుటి నుంచి దాచినవన్నీ వరసగా అనేది. సుకుమారికి అది కోపం తెప్పించకపోగా నవ్వు తెప్పించేది. ముప్పై ఎనిమిదేళ్ల బతుకులో ఆమెలో ఫలానాది సరిగ్గా ఉంది అని ఎవరూ అనలేదు. రంగు తక్కువన్నారు, గొంతు బొంగురన్నారు, కుట్టిన జాకెట్టు చంకలో పట్టేసిందన్నారు. ఇప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎడమ చేతిని కొంగు కింద పెట్టుకుని కూర్చునేది.

వానలు వెనకబట్టాక, బొంబాయి గొట్టం ఇంకా రాకముందే, ముల్లు నూట ఇరవై దగ్గర ఆగడం మానేసింది.

మొదట కొంచెమే. నూట ముప్పై దగ్గర ఆగింది. నర్సన్న మిషిను ముఖం విప్పి, సన్నటి శ్రావణంతో ముల్లు లాగి, రవ్వంత వెనక్కి గుచ్చాడు. అప్పుడు సరిగ్గా చూపించింది. ఇంకో మిషిను కూడా అంతే. బొంబాయి సామాను ఈసారి ఇలా వచ్చింది కాబోలు అనుకున్నారు. పోను పోను నూట నలభై. ఒకరోజు బల్ల మీదున్న మిషిన్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి నూట అరవై చూపించాయి.

సత్యానందం గారు స్టెతస్కోపు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "రాత్రి ఏం తిన్నావమ్మా?"

"జొన్నరొట్టె, పప్పు."

"ఇంట్లో గొడవేమన్నా?"

"లేదు సారూ. అత్తమ్మ నిన్న సాయంత్రం సుతం ఏమన్లే. చుట్టాలొచ్చిన్రు."

"పరిగెత్తుకుంటూ వచ్చావా?"

"మెల్లగనే వచ్చిన."

మంచినీళ్లు ఇప్పించారు. కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. ఆమె కళ్లు మూసుకుని ఒక కీర్తన మొత్తం మనసులో పాడుకుంది. మళ్లీ చూస్తే అదే నూట అరవై.

"నర్సన్నా, ఈ లాటు స్ప్రింగులు మొత్తం తేడా. అన్నిట్నీ సర్దు."

నర్సన్న అన్నిట్నీ సర్దాడు. ముళ్లన్నీ వెనక్కి వెళ్లాయి. ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు సున్నా కిందికి పోకుండా ఆపే చిన్న పుల్ల ఉంటుంది ముఖంలో. కాబట్టి బయటి నుంచి చూస్తే ఏ తేడా కనపడదు. అన్నీ సుకుమారి చేతి మీద నూట ఇరవై, ఎనభై చూపించాయి. అన్నీ పాసయ్యాయి. పెట్టెల్లోకి ఎక్కాయి.

ఆ రోజుల్లోనే సుకుమారికి పొద్దున లేస్తే మెడ వెనక రాయి పెట్టినట్టు ఉండేది. బస్సు దిగితే నేల ఒక అడుగు అవతల ఉన్నట్టు తోచేది. పెద్దమ్మ వరసయ్యే ఒకావిడ ఇలాగే తల పట్టుకుని వాకిట్లో పడిపోయి, మళ్లీ మాట రాకుండానే పోయింది. అది గుర్తొచ్చేది. వెంటనే కంపెనీలో ముల్లు గుర్తొచ్చేది. మిషిను మంచిదైతే తను బాగాలేనట్టు. తను బాగుంటే మిషిను బాగాలేనట్టు. మరి మిషినును బాగుచేశారు, నూట ఇరవై చూపించింది, అంటే తను బాగున్నట్టే. ఇక్కడిదాకా సాఫీగానే వచ్చేది ఆలోచన. ఆ తర్వాత ఎక్కడో ముడి పడేది. విప్పబోతే తల మరింత నొప్పి పుట్టేది.

ఒక మధ్యాహ్నం సద్ది తింటుంటే నర్సన్ననే అడిగింది. "అన్నా, నిజం చెప్పు. స్ప్రింగులు ఖరాబున్నయా?"

నర్సన్న ముద్ద మింగాడు. "లోపల సామాను మునుపటి లెక్కనే ఉన్నది చెల్లె. నాకైతే ఏం సమజైతలేదు. సారు జరుపుమన్నడు, జరుపుతున్న."

"అంటే నా చెయ్యి ఖరాబైందంటవా?"

"నేనెప్పుడన్న? నీ చెయ్యి మంచిది గాదంటే, ఇన్ని దినాలు దాన్ని పట్టుకొని నేను బిగించినయన్నీ ఏమైతయి? నా నౌకరేమైతది? వద్దు తల్లీ, నన్ను అడగకు."

"మరి ఎవల్ని అడగాలె?"

ఎంకమ్మ అందుకుంది. "నన్నడుగు, నేను చెప్త. నీకు నజరు తగిలిందక్కా. ఊరందరి ముంగట చెయ్యి చాపి కూసుంటే తగలదా?"

శనివారం నాడు కంది స్టాపులో బస్సు ఎక్కబోయి సుకుమారి కడ్డీ పట్టుకోలేక కూలబడింది. ఇంటికి తీసుకొచ్చారు. సువార్తమ్మ కోడలి ముఖం చూసి, అనాల్సిన మాటలన్నీ మింగి, రిక్షా పిలిపించి సంగారెడ్డిలో ఒక చిన్న ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడ నర్సు హన్నా వాళ్ల చర్చి పిల్లే.

"వందనాలమ్మా. ఏమైంది వదినా?" అంటూనే హన్నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి చూసింది. "నూట ఇరవై, ఎనభై. మంచిగున్నది. నీర్సం అంతే."

"సూస్తివా?" సువార్తమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఉత్తగ నన్ను పరేషాన్ చేస్తివి గదనే!"

సుకుమారికి ప్రాణం లేచి వచ్చింది. హాయిగా ఊపిరి వదిలి, చేతి మీద పట్టీని అలవాటు కొద్దీ సవరించబోయింది. పట్టీ ఆకుపచ్చది. తమ కంపెనీలో ఎప్పుడూ బూడిదరంగు గుడ్డే వాడేవారు. అది అయిపోతే, ఎంకమ్మ సంగారెడ్డి బజారు నుంచి ఆకుపచ్చ తాను పట్టుకొచ్చింది. అది వచ్చి ఎన్నాళ్లో కాలేదు.

"సిస్టర్, ఇది ఎప్పుడొచ్చింది?"

"మొన్ననే. మీ కంపెనీదే వదినా. కొత్తది."

"దీంతోని కాదు. ఏరేదాంతోని సూడు."

హన్నా నవ్వింది. "మీ మాలు మీద నీకే నమ్మకం లేకపోతే ఎట్ల?"

"అది కాదమ్మా. ఇది నన్ను సూసే నేర్సుకున్నది. నాకు ఎంత ఉన్నా గంతే సూపిస్తది."

"ఎంత ఉన్నా అంటే?"

"ఎంత ఉన్నా నూట ఇరవయ్యే. ఎందుకంటే నాకు నూట ఇరవై ఉంటదని దాన్ని... నాకు లేకున్నా ఉన్నట్టు..." సుకుమారికి తన మాట తనకే అందలేదు. అత్త వైపు చూసింది. అత్త, కోడలికి మతి తప్పిందేమోనన్నట్టు చూస్తోంది. "గివన్నీ నాకు చెప్పరావు సిస్టర్. డాక్టరు సాబుది పాతది ఉంటది గద, పాదరసం డబ్బా. గది తే."

పోరు పడలేక హన్నా లోపలి గదిలోంచి బరువైన పాత డబ్బా మోసుకొచ్చింది. గాలి కొట్టి వదిలింది. మళ్లీ కొట్టి వదిలింది. కుడిచేతికి కూడా చుట్టి చూసింది. ఆ పిల్ల ముఖంలో నవ్వు పోవడం సుకుమారి చూస్తూనే ఉంది.

"నూట అరవై ఆరు" అంది మెల్లగా. "కింద నూట నాలుగు."

సువార్తమ్మ బెంచీ అంచు పట్టుకుంది. సుకుమారి మాత్రం కొత్త మిషిను వైపు చూస్తూ, "దీంతోని ఇంకెవర్ని సూసిన్రు?" అని అడిగింది.

హన్నా కొత్త మిషినును చేతిలోకి తీసుకుంది. "చానమందిని సూసినం" అంది. "చిన్నరాములు తాత అని, పోతిరెడ్డిపల్లి ఆయన. ఏండ్లసంది బీపీ గోలీలు మింగుతున్నడు. మొన్న దీంతోని సూస్తే మంచిగొచ్చింది. డాక్టరు సారు గోలీలు బంద్ చెయ్యమన్నడు. తాత ఎంత సంబురపడ్డడో..."

మాట పూర్తి చేయకుండానే డాక్టరు గది వైపు పరిగెత్తింది.

సోమవారం సుకుమారి కంపెనీకి వచ్చేసరికి గేటు ముందు లారీ నిలబడి ఉంది. గోడౌన్ నుంచి పెట్టెలు ఎక్కిస్తున్నారు. డాక్టరు రెస్టు తీసుకోమన్నాడు. అత్త పోవద్దని చెయ్యి పట్టుకుని లాగింది. అయినా వచ్చింది. నేరుగా సత్యానందం గారి దగ్గరికి పోయి జరిగింది చెప్పింది. ఎదురుగా ఉన్నవాళ్లకు అర్థం కాదేమోనన్న భయంతో రెండుసార్లు చెప్పింది.

ఆయన విన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ డాక్టరుగారి డబ్బా ఎప్పటిదమ్మా? పాతకాలందా? పాదరసానికి మకిలి పట్టి ఉంటుంది. అది తప్పు చూపించిందేమో."

"ఏమో సారూ."

"ఏమో అంటే ఎలా? నీకు ఎలా ఉంది? బాగుందా, లేదా?"

"అదే నాకు సమజైతలేదు సారూ. మీరు మంచిగున్నవంటే మంచిగనే అనిపిచ్చింది. ఆమె లేదంటే లేదనిపిస్తున్నది."

సత్యానందం గారు లేచారు. "చూద్దాం ఉండు. ఎంకమ్మా, ఇలా రా. మన మిషిను బంగారంలా ఉందని ఇప్పుడే తేలుస్తాను." లారీ ఎక్కబోతున్న పెట్టెల్లోంచి ఒకటి తెప్పించి, ఎంకమ్మ చేతికి పట్టీ చుట్టారు. గాలి కొట్టి వదిలారు. చెవుల్లో గొట్టం సర్దుకుని మళ్లీ వదిలారు. మూడోసారి కూడా చూశారు.

"ఎంతొచ్చింది సారూ?" అంది ఎంకమ్మ.

"డెబ్బై."

"గంతుంటే మంచిదేనా?"

"అంత ఉంటే మనిషి నిలబడదు ఎంకమ్మా."

ఎంకమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. "నిలబడే ఉన్న గద సారూ. పొద్దుగాల మూడు రొట్టెలు తిన్న."

ఎవరో కిసుక్కుమన్నారు, వెంటనే ఆపేశారు. సత్యానందం గారు సుకుమారి స్టూలు మీదే కూర్చుండిపోయారు. నర్సన్న శ్రావణం కింద పెట్టి ముందుకు వచ్చాడు. "ముండ్లన్నీ నేనే ఎనక్కి జరిపిన సారూ. స్ప్రింగులకు ఏం కాలే. నాకు ఎరుకే. చెప్పనీకి భయమైంది."

"నేను జరపమంటేనేగా జరిపావు" అన్నారాయన. లేచి బయటికి పోయి లారీ దింపమని చెప్పి వచ్చారు. డ్రైవరు హిందీలో తిడుతున్నాడు. ఆయనకు వినపడుతున్నట్టు లేదు. "పోయినవాటికి నేనే పోతాను. ఒక్కో ఆస్పత్రికీ పోయి వెనక్కి తెస్తాను. కానీ ఎక్కడి నుంచి? ఎప్పటి నుంచి తప్పమ్మా? మొదట పంపినవి మంచివేగా? నీకు ఎప్పుడు మొదలైంది?"

నలుగురూ గోడౌన్‌లోకి నడిచారు. గుమ్మం దగ్గరివే ముందు లారీ ఎక్కడంతో పాత లాట్లు కూడా కొన్ని పోకుండా ఉన్నాయి. పాతవి లోపలి గోడ పక్కన, కొత్తవి గుమ్మం వైపు.

"నేను ముల్లు మొదట జరిపింది వానలు పోయినంక" అన్నాడు నర్సన్న. "ఇగో, గీ వరస కాడ."

"అంటే ఈ వరస నుంచి ఇటు తియ్యాలి. అంతేనా?" సత్యానందం గారి గొంతులో కొంచెం ఆశ వినిపించింది.

సుకుమారి పెట్టెల మధ్య నిలబడి ఆలోచించింది. తల నొప్పి మొదట ఎప్పుడు వచ్చింది? పక్కింటి మొగులమ్మ బిడ్డ పెండ్లిలో వచ్చింది, డప్పుల మోతకనుకుంది. కానీ అంతకు ముందు నాట్ల కాలంలో ఎండకు తిరిగి వచ్చి పడుకోలేదూ? అప్పుడు ఎండ అనుకుంది. అంతకు ముందు అత్త తనను ఏదో అంటే చెవుల్లో హోరు వచ్చి మాట వినపడలేదు. అప్పుడు కోపం అనుకుంది. అప్పుడు ముల్లు రవ్వంత ఎక్కువ చూపించి ఉంటే, సత్యానందం గారు తన చేతి మీది నమ్మకంతో రవ్వంత తగ్గించే చదువుకున్నారేమో. ఒక్కో రోజు వెనక ఇంకో రోజు ఉంది. ఎక్కడ ఆగి, ఇదిగో ఇక్కడిదాకా నేను బాగున్నాను అని చెప్పాలో తెలియలేదు. నూట ఇరవై అని మొదటిసారి విన్న రోజు మాత్రం బాగున్నట్టు గుర్తు. ఆ రోజు కూడా బాగుందని చెప్పింది ఒక మిషినే.

"చెప్పమ్మా" అన్నారు సత్యానందం గారు. "ఈ వరసేనా?"

సుకుమారి కొంగు నడుముకు దోపుకుని లోపలికి నడిచింది. చివరి గోడను ఆనుకుని ఉన్న పెట్టె మీద చెయ్యి వేసింది.

"గీ కాడికెల్లి తియ్యన్నా."

"గంత ఎనకకా?" నర్సన్న అదిరిపడ్డాడు. "అన్నీనా? గప్పుడు నువ్వు మంచిగుంటివి గదనే!"

"ఉన్ననో లేదో నాకేమెరుక? తియ్యి."

నర్సన్న సూపర్‌వైజరు ముఖంలోకి చూశాడు. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని, గోడ దగ్గరికి వచ్చి, పై పెట్టె అటు చివర తనే పట్టుకున్నారు.